అందరికీ సమానమని రాసిన కాగితం

మొన్న మదనపల్లెలో మా ఇంట్లో టీవీ చూస్తుంటే, వాతావరణం మీద ప్రపంచ దేశాల సమావేశం గురించి చెబుతున్నారు. ఏళ్ల తరబడి బొగ్గూ చమురూ కాల్చి బాగుపడిన దేశాల తరఫు పెద్దమనిషి ఒకాయన, జరిగిందేదో జరిగింది, ఇకమీదట పొగ తగ్గించే బాధ్యత పేద దేశాలతో సహా అందరిదీ సమానమేనని తాపీగా సెలవిస్తున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన మీద కంటే నా మీద నాకే ఎక్కువ మండింది, ఎందుకంటే ఆ మాట ఒకప్పుడు నా చేత్తో నేనే రాశాను.

పుంగనూరు దగ్గర మా పల్లెలో నాన్నకూ చిన్నాయనకూ కలిపి ఒకటే బావి. పొద్దున పూట వంతు మాది, సాయంత్రం వంతు వాళ్లది. కళ్లముందు పైరు ఎండుతున్నా ఒకరి పూటను ఇంకొకరు ముట్టుకునేవాళ్లు కాదు, తాత కాలం నుంచీ అంత పట్టింపు. అలాంటిది టమాటా మీద ఆశతో నాన్న ఊరందరికంటే ముందు బోరు వేయించాడు. బోరుకు వంతేముంది, కరెంటు ఉన్నంతసేపూ తోడింది. ఆ టమాటా డబ్బుతో మేము మదనపల్లెలో మేడ కట్టేలోపల బావి అడుగు కనబడింది.

గత్యంతరం లేక చిన్నాయన తన చేలోనూ బోరు వేయబోతే, నాన్న ఊరి పెద్దలను కూర్చోబెట్టి, భూమిలో నీళ్లు అడుగంటుతున్నాయి, ఇకమీదట ఎవరూ కొత్త బోరు వేయకూడదు, ఈ కట్టుబాటు అందరికీ సమానం అన్నాడు. కుప్పంలో టీచరుగా కొత్తగా చేరి సెలవుకు వచ్చిన నాచేత ఆ కాగితం రాయించారు. ఊరికేదో మేలు చేస్తున్నానన్న గర్వంతో గుండ్రంగా రాసి, సంతకానికి చిన్నాయన ముందు చాపాను. ఆయన నా ముఖంలోకి చూసి, "మీరు తోడినంత తోడుకోని, ఇప్పుడు అందురమూ సమానమంటే ఇది యాడి న్యాయమమ్మా?" అన్నాడు. నేను కలం ఆయన చేతికి అందించాను. ఊరంతా ఒకటైతే ఒక్కడు ఏం చేస్తాడు, సంతకం పెట్టాడు.

ఆ వేసవికే ఆయన మామిడి మొక్కలు మాడిపోయాయి. చేను అమ్ముకుని, బెంగళూరులో కాపలా పనికి వెళ్లి, అక్కడే పోయాడు.

ఇప్పుడు మా బోరూ ఎండింది, పల్లెకు ట్యాంకరు నీళ్లే గతి. కరువు అందరినీ ఒకటి చేసిందని బంధువులు నిట్టూరుస్తారు, మేడ సంగతి ఎవరూ ఎత్తరు. పక్కవాడి వంతు ముట్టుకోవడానికి భయపడే ఆ మనుషులు ఏమయ్యారో తెలియదు. చిన్నమ్మ ఇంకా ఉంది, పుంగనూరులో కూతురి దగ్గర. వెళ్లి తప్పు మాదేనని చెప్పాలని ఎన్నోసార్లు బస్టాండు దాకా వెళ్లాను. తీరా ఒప్పుకుంటే, మరి మా చేనుకు బదులు ఏమిస్తావని అడుగుతుందేమోనన్న భయంతో ప్రతిసారీ తిరిగి వచ్చేశాను.