ఒళ్లో ఉండిపోయిన చెయ్యి

నల్గొండలో డిగ్రీ పిల్లలకు విద్యుత్తు, అయస్కాంతత్వం చెప్పే రోజుల్లో హాలియా వైపు నుంచి ఒకమ్మాయి వచ్చేది. ల్యాబులో ఏ తీగనైనా ముందు చేతి వెనుకవైపుతో తాకి చూసేది. అది టార్చిలైటు సెల్లుకు తగిలించిన తీగైనా సరే. దానికి చీమ కూడా చావదని తోటివాళ్లు నవ్వితే తానూ నవ్వేది గానీ, అలవాటు మానలేదు.

ఒకరోజు కుడిచేతి నియమం చెబుతూ, "కరెంటు పారే తీగను పిడికిట్లో పట్టుకున్నట్టు ఊహించుకోండి," అన్నాను. అందరి పిడికిళ్లూ లేచాయి. ఆమె చెయ్యి ఒళ్లోనే ఉంది.

"ఉత్త ఊహే కదమ్మా, పట్టుకో."

"మా బాపు బోరు మోటరు కాడ గిట్లనే పట్టిండు సార్. మల్ల ఇడువనీకి రాలే."

ఇప్పటికీ ఆ పాఠం రోజున క్లాసంతా పిడికిళ్లు లేస్తాయి. నేను మాత్రం ఒళ్లో ఉండిపోయిన చెయ్యి కోసం వెతుకుతాను.