వంతెన మీద విరిగిన షాఫ్టు

మొన్న రావులపాలెంలో నా పాత జీపును షెడ్డులో జాకీ మీద ఎత్తించి కూర్చుంటే, మెకానిక్ కింద పూస్తున్న కొత్త గ్రీజు వాసన, రోడ్డవతల లారీకెత్తుతున్న అరటిగెలల వాసనతో కలిసి వచ్చింది. ఆ రెండూ కలిస్తే నాకు మా నాన్న వ్యానే.

నాన్న వారమంతా లంక తోటల నుంచి గెలలు తోలేవాడు; తెల్లారకముందే వెళ్ళి, పొద్దుగూకాక జిగురు మరకల లుంగీతో వచ్చి, అన్నం కంచం ముందే కునికేవాడు. ఆదివారం అదే వ్యాను కడిగి, బల్లలు వేసి, మా పేటవాళ్ళని కాలవ అవతలి చర్చికి తీసుకెళ్ళేవాడు.

ఒక ఏడు, పంటలో కొంత చర్చికి కానుకిచ్చే కోతల పండుగ ముందు, బండి కదిలినప్పుడల్లా అడుగున టక్కుమని కొట్టేది. వేగం అందుకుంటే నేలరేకు వణికి మా అరికాళ్ళు తిమ్మిరెక్కేవి. ఇంజిను బలాన్ని వెనక చక్రాలకు అందించే పొడవాటి షాఫ్టు, కీలు అరిగితే అలాగే చెబుతుంది. అమ్మకది అర్థమైంది.

“ఏవండీ, ఓసారి షెడ్డుకి తీసుకెళ్ళండి.”

“పండగెళ్ళనీవే. బండాపితే గెలలు తోటలోనే ముగ్గిపోతాయి,” అన్నాడు నాన్న, కళ్ళు తెరవకుండానే.

పండుగనాడు గుమ్మడికాయలు, కొబ్బరిగెలలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, అమ్మ వండిన బూరెల డబ్బా, వాటి మధ్య ఇరుక్కున్న మేము. కాలవ వంతెన ఎక్కుతుండగా కింద పెద్ద చప్పుడైంది. ఇంజిను అరుస్తోంది, బండి మాత్రం వెనక్కి జారింది. నాన్న బ్రేకును తొక్కిపట్టాడు.

“అందర్నీ దింపవే,” అన్నాడు మెల్లగా.

అమ్మ ముసలివాళ్ళనీ పిల్లల్నీ దింపి, గట్టు మీది రాళ్ళు తెచ్చి వెనక చక్రాలకు అడ్డం పెట్టింది. అప్పుడుగానీ నాన్న కాలు తియ్యలేదు.

కానుకలు నెత్తినెత్తుకుని అందరూ నడిచి వెళ్ళారు. నేను నాన్న పక్కన కూర్చున్నాను.

“ఆ చప్పుడు నాకూ వినపడిందమ్మాయ్. రోజూ వినపడింది. దిగి కిందకి చూసే ఓపిక లేకపోయింది,” అన్నాడు.

తర్వాత కీలు మార్పించాడు, వంగిన షాఫ్టు తీయించి వేరేది వేయించాడు. బండి చప్పుడు లేకుండా నడిచింది. కానీ అందులో బల్లలు మళ్ళీ వెయ్యలేదు. పేటవాళ్ళు వచ్చి అడిగితే, “ఆటో మాట్లాడుకోండి,” అనేవాడు.

“తొందరగానే తెచ్చారండి, షాఫ్టు కీల్లో క్రాసొకటి మారిస్తే సరిపోద్ది,” అన్నాడు మెకానిక్, చేతులు తుడుచుకుంటూ. తలూపాను. నాన్న పోయి చాలా ఏళ్ళయింది. ఆ ఎత్తు వంతెన కొట్టేసి చదునుగా కొత్తది కట్టారు. చర్చికి ఇప్పుడు ఎవరి బండి మీద వాళ్ళే వెళ్తున్నారు. ఆదివారం పొద్దున మా వీధి మొగలో ఒకరికోసం ఒకరు ఆగేవాళ్ళు లేరు.