వేలిముద్ర వెయ్యనన్న రోజు

మొన్న కోస్గి బస్సులో పక్క సీటావిడ సంచిలోంచి చిన్న సీసా తీసి నుదుటికి తలనొప్పి మందు రాసుకుంది. ఆ వాసన రాగానే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. మందు వల్లే అనుకుని ఆవిడ నొచ్చుకుంటూ "జర కిటికీ తెరువమ్మా" అంది. తెరిచాను. కానీ ఆ నీళ్లు మందు వల్ల వచ్చినవి కావు. డిగ్రీ కాలేజీలో మాకు సోషియాలజీ చెప్పిన జైబున్నిసా మేడం తరగతిలోకి వస్తే ముందు ఆ వాసనే వచ్చేది. ఆమెకు తలనొప్పి ఉండేది, మోకాళ్ల నొప్పులుండేవి, ఎంతటివారినైనా ఎదురు ప్రశ్న వేసే నోరుండేది. మొదటి రెండింటికీ మందు రాసుకునేది. మూడోదానికి మందు లేదని స్టాఫ్‌రూంలో నవ్వుకునేవారు.

తెలంగాణ వచ్చిన కొత్త రోజులవి. మేడం కాంట్రాక్టు లెక్చరర్. రోజూ మహబూబ్‌నగర్ నుంచి బస్సులో నిలబడి వచ్చేది. నేను మా ఊరి వడ్డెర వాడ నుంచి డిగ్రీ మెట్లెక్కిన మొదటి ఆడపిల్లను. మా బాపు నర్సింలు రాళ్లు కొట్టేవాడు. ఊళ్లో బావుల గోడలు, ఇళ్ల పునాదులు చాలావరకు మా వాళ్ల చేతుల మీదే లేచాయి. అయినా ఊళ్లో ఎవరి వస్తువు పోయినా పోలీసు జీపు ముందుగా ఆగేది మా వాడలోనే. బాపును, ఇంకో ఇద్దరు ముగ్గురిని స్టేషన్‌కు తీసుకుపోయి, "ఇకమీదట మంచిగా నడుచుకుంటాను" అని రాసిన కాగితం మీద వేలిముద్ర వేయించుకుని పంపేవారు. దాన్ని ఎండాకాలం వస్తే ఎండ కొట్టినంత మామూలుగా తీసుకునేవాళ్లు మావాళ్లు. "ఒక్క యేలే గదా, పెట్టి రారాదు, పని పాడైతది" అని మా అమ్మే తొందరపెట్టేది. ముద్ర వేస్తే పీడ వదులుతుందనే అందరి నమ్మకం. ఆ ముద్రను చూపించే మరోసారి పిలుస్తారని, పిలిచినప్పుడల్లా ఇంకో ముద్ర చేరుతుందని, అలా ఏ నేరమూ చేయకుండానే మనిషి పాత నేరస్తుడవుతాడని మాలో ఎవరికీ తోచలేదు.

ఒకరోజు తరగతిలో నేరం గురించిన పాఠం వచ్చింది. చట్టం కాదన్న పనిని చేయడమే నేరమని పుస్తకంలో ఉంది. మేడం ఆ వాక్యం చదివి పుస్తకం మూసింది.

"గిది రాసినాయన అబద్ధం చెప్పలే. సగం చెప్పి ఊకున్నడు. మీ ఊర్ల దొంగలెవరో చెప్పుండ్రి."

మా ఊరి శ్రీనివాసే లేచాడు. "ఒడ్డెరోళ్లు మేడం" అన్నాడు. పాపం, వాడికి నా మీద కోపమేం లేదు. సూర్యుడు తూర్పున పొడుస్తాడన్నట్టు చెప్పాడు. నా ఒళ్లంతా మండింది. మేడం వాణ్ణి కోప్పడలేదు.

"సరే. మీ ఊరి చెరువు శిఖం భూమి, నీళ్లు తగ్గితే తేలే నేల, ఎవరు దున్నుతున్నరు?"

"పటేల్ మేడం." పటేల్ అంటే మా ఊరి పెద్ద భూస్వామి. పేరు పెట్టి పిలిచే ధైర్యం ఎవరికీ లేదు కాబట్టి అందరికీ ఆయన పటేలే.

"చెరువు ఆయనదా?"

"కాదు మేడం. సర్కారుది. కబ్జా పెట్టిండు."

"ఒడ్డెరోళ్లు తీస్తే దొంగలన్నవు. మరి కబ్జా పెట్టినోణ్ణి ఏమంటరు?"

"పటేల్ అనే అంటం మేడం."

తరగతంతా ఘొల్లుమంది. మేడం నవ్వలేదు. "దొంగతనం దొంగతనమే, నేను కాదంట లేను. కని ఆ పేరు ఎవలకు పెడ్తరు, ఎవలకు పెట్టరు? పెట్టే హక్కు ఎవరి చేతిల ఉంది? చట్టం రాసే కాడ మీ ఇంటోళ్లు ఎవరన్న కూసున్నరా? పరీక్షల గీ ప్రశ్న రాదు. బతుకుల వస్తది" అంది. నేరం, అధికారం, అసమానత అంటూ తర్వాత లావుపాటి పుస్తకాలు చాలా చదివాను. పెద్దపెద్ద పేర్లున్న సిద్ధాంతాలు. నాకు మాత్రం వాటన్నిటికీ అర్థం శ్రీనివాస్ నోటి నుంచి వచ్చిన ఆ జవాబే.

బతుకులో ఆ ప్రశ్న రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్ పగలగొట్టి ఎవరో రాగి తీగ ఎత్తుకెళ్లారు. తెల్లవారగానే జీపు వచ్చింది, బాపును ఎక్కించుకుపోయింది. నేను కాలేజీకి వెళ్లి మేడంతో చెప్పాను. జాలి మాట ఒక్కటీ అనలేదు. సంచి భుజానికి తగిలించుకుని, "పా బిడ్డా" అంది.

బాపు, మరో ఇద్దరు స్టేషన్ వరండాలో గొంతుక్కూర్చుని ఉన్నారు. కుర్రవాడైన ఎస్సై మేడంను చూసి మర్యాదగా లేచాడు. "కూసోండి మేడం" అని కుర్చీ చూపించాడు.

"వాళ్లకు లేని కుర్చీ నాకెందుకు సార్" అంటూ మేడం గోడ పట్టుకుని, మూలుగుతూ, బాపు పక్కన నేల మీద కూలబడింది. ఎస్సై కన్నా ముందు బాపే హడలిపోయాడు.

"లేవమ్మా! సదువు చెప్పేటోళ్లు మీరు. మాకు పాపం తగుల్తది."

"నర్సింలన్నా, ఎవలు ఏడ కూసోవాల్నో మనం తర్వాత మాట్లాడుకుందాం. ముందు జెప్పు, నువ్వు తీగ తీసినవా?"

"లేదమ్మా. పొద్దుమీకిందాక గుట్ట మీద రాయి కొట్టిన. అన్నం తిని ఇంట్లనే పన్న."

"మరి ఆ కాయితం మీద యేలెందుకు పెడ్తున్నవు?"

బాపు తలదించుకున్నాడు. "ఏముందమ్మా, మంచిగ నడుసుకుంటనని గదా. మంచిగ నడుసుకునుడు తప్పా?"

ఎస్సై కల్పించుకున్నాడు. "మేడం, ఇది రొటీన్. నేను కొట్టలేదు, తిట్టలేదు. ముద్ర వేస్తే ఇప్పుడే పంపించేస్తా."

మేడం ఆయన వైపు కూడా చూడలేదు. బాపు కళ్లలోకే చూస్తూ అడిగింది. "అన్నా, చెరువు దున్నుకున్న మీ పటేల్‌ను ఎన్నడన్న పిలిచి, మంచిగ నడుసుకుంటనని యేలు పెట్టుమన్నరా?"

హెడ్ కానిస్టేబుల్ దగ్గాడు. మిగతా ఇద్దరూ బాపు ముఖం చూశారు. ముద్ర వేస్తే బాపు నాతోపాటు ఇంటికి వస్తాడు. వేయకపోతే ఏమవుతుందో మా వాడలో ఎవరికీ తెలియదు, ఎందుకంటే వేయనన్నవాడు ఇంతవరకు లేడు. "వద్దు బాపూ" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్లీ గట్టిగా అన్నాను.

బాపు అరచేతులు ఒకసారి పంచెకు తుడుచుకున్నాడు. "సార్" అన్నాడు. "పటేల్ పెట్టినంక నేను పెడ్త."

ఆ మాట విని నాకు ఏడుపూ గర్వమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. ఇప్పటికీ చెబుతుంటే అంతే. మిగతా ఇద్దరు కూడా ముద్ర వేయలేదు. కోపంతో వాళ్లను చీకటి పడేదాకా కూర్చోబెట్టారు. మేడం కూడా కూర్చుంది. రాయడానికి నేరం లేదు, చూపడానికి సాక్ష్యం లేదు. చివరికి "పోండి" అన్నారు.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. బాపు అన్న మాట పటేల్ చెవిన పడింది. ఊళ్లో రాతిపని బందయింది. బాపు సమ్మెట భుజాన వేసుకుని ఎవరూ ఎరగని ఊళ్లకు పనికోసం పోయాడు. "నీ సదువు నా పొయ్యి ఆర్పింది గదనే" అని అమ్మ నా మీద విరుచుకుపడింది. తీగ దొంగలు ఎక్కడో దొరికారని పేపర్లో చదివాం. దొరికారని మాకు వచ్చి చెప్పినవాళ్లు లేరు. పిల్లలను పోలీస్ స్టేషన్ల వెంట తిప్పుతోందని మేడం మీద ఎవరో ఫిర్యాదు చేశారు. మరుసటేడు ఆమె కాంట్రాక్టు పొడిగించలేదు.

కోపం పట్టలేక మహబూబ్‌నగర్‌లో మేడం కిరాయి ఇంటికి వెళ్లాను. "మీ మాట ఇంటే మా బాపుకు పని పోయింది" అన్నాను. నాకు చాయ్ పోసి, ఎదురుగా కూర్చుంది.

"నా నౌకరి గూడ పోయింది. కోపం రావాలె బిడ్డా, మంచిదే. కని పని ఆపినోని మీద పెట్టు, అడుగుమన్నదాని మీద గాదు. రేపు ఇంకోని ఇంటికి జీపు వస్తది. అప్పుడు నేనుంటనా? లా చదువు."

"పైసల్లేవు మేడం."

"ఫికర్ చేయకు. హాస్టల్ ఉన్నది, స్కాలర్‌షిప్ ఉన్నది. లేనిది దరఖాస్తు మీద నీ సంతకం, అంతే" అని కసిరింది. ఆ కసురే నన్ను లా కాలేజీ దాకా తోసింది. నేను నల్లకోటు వేసుకున్నాక చూసి మురిసింది, గుండీ ఊడిందని తిట్టింది. పోయినేడు మేడం చనిపోయింది. కబ్రస్తాన్ గేటు బయట, నాతోపాటు బాపు కూడా ఎండలో నిలబడ్డాడు.

పోయిన నెల ఇంకో ఊరి వడ్డెర పిల్లగాళ్లను, బోరు మోటార్లు పోయాయని స్టేషన్‌కు పిలిచారు. తల్లి ఏడుస్తూ ఫోన్ చేసింది. నేను వెళ్లేసరికి అదే కాగితం బల్ల మీద పరిచి ఉంది. ప్రభుత్వం మారింది, స్టేషన్‌కు కొత్త రంగు వేశారు, బయట పూల కుండీలు పెట్టారు. కాగితం మాత్రం అదే.

"ఎవరమ్మా నువ్వు?" అని ఎస్సై అడిగాడు.

"ఒడ్డె నర్సింలు బిడ్డను" అన్నాను.

ఆయన ముఖం చిట్లించాడు. అప్పుడు నా కార్డు తీసి ముందు పెట్టాను. చూసి సర్దుకున్నాడు. "అడ్వొకేటా! ముందే చెప్పొద్దా మేడం?"

"గది రెండో మాట సార్. మొదటి మాట చెప్పిన గద" అన్నాను. "పిల్లలు ముద్ర వెయ్యరు. నేరముంటే కేసు రాయండి, కోర్టుల మాట్లాడుకుందాం. లేకుంటే ఇంటికి పంపండి."

బల్ల మీది కాగితాన్ని నేనే మడిచి ఆయన చేతికిచ్చాను. పిల్లలు లేచి నిలబడ్డారు.