షింజుకులో ఇరవై రెండో అంతస్తు

ఎనభై రెండు అక్టోబరులో మా వారికి ఆఫీసు పని మీద టోక్యో వెళ్ళాల్సి వచ్చింది. సోమవారం నుంచి శుక్రవారం దాకా మీటింగులు. "నువ్వూ రా విమలా. రూమ్ ఎలాగూ కంపెనీ ఇస్తోంది" అన్నారు. నేను రానన్నాను. ఆయన టిక్కెట్ బుక్ చేసేసి, ఆ తర్వాత చెప్పారు.

అప్పటికి నాలుగు నెలలుగా నేను న్యూజెర్సీలో, పిస్కాటవేలో మా అపార్ట్‌మెంట్ దాటి బయటికి వెళ్ళింది తక్కువ. జూన్‌లో, ఎనిమిదో నెలలో, మాకు పాప చనిపోయి పుట్టింది. అర్జెంటుగా ఆపరేషన్ చేశారు. నాకు మెలకువ వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆడపిల్ల అని నర్సు చెప్పింది, అంతే. తక్కిన పనులన్నీ మా వారే చూసుకున్నారు. ఏం చేశారో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. స్నేహితులు వంతులు వేసుకుని పప్పూ, చారూ తెచ్చిపెట్టారు. ఎవరూ పాప మాట ఎత్తలేదు. ఎత్తకపోవడమే మర్యాదని వాళ్ళనుకున్నారు, నేనూ అదే అనుకున్నాను.

శనివారం మధ్యాహ్నం పన్నెండున్నరకి న్యూయార్క్ కెన్నెడీ ఎయిర్‌పోర్ట్‌లో విమానం ఎక్కాం. నా పక్కసీట్లో ఒక పెద్దాయన. పుట్టుక జపాన్‌లో, బతుకంతా న్యూజెర్సీ దక్షిణాన కూరగాయల పొలాల్లో. ముప్పై ఏళ్ళ తర్వాత అక్కని చూడ్డానికి వెళ్తున్నాడు. నేను కొత్తదాన్నని తెలిసి రెండు సలహాలిచ్చాడు. "టాక్సీ తలుపు మీద చెయ్యి వెయ్యకండి, అదే తెరుచుకుంటుంది. హోటల్లో ఎవరికీ టిప్ ఇవ్వకండి, నొచ్చుకుంటారు." రెండూ నిజమే, మీకూ పనికొస్తాయి. కాసేపాగి, "మా అక్క నన్ను గుర్తుపడుతుందంటారా?" అని అడిగాడు. చెవులు చూసి గుర్తుపడుతుందన్నాను. ఆయన చెవులు నిజంగానే పెద్దవి. చాలా సంతోషపడ్డాడు.

ఏడుగంటలు ఎగిరాక అలాస్కాలో, ఎంకరేజ్‌లో దిగి పెట్రోలు పోసుకున్నారు. వాచీలో రాత్రి, బయట మధ్యాహ్నపు ఎండ. రన్‌వే చివర మంచుకొండలు. లోపల అద్దాలపెట్టెలో గడ్డి కూరిన ఒక తెల్ల ఎలుగుబంటిని నిలబెట్టారు, దాని పక్కనే నూడుల్స్ కొట్టు. జపాన్ వాళ్ళంతా ఆ కొట్టు ముందు బుద్ధిగా లైన్‌లో నిలబడ్డారు. గిన్నెల్లోంచి వచ్చే ఆవిరి వాళ్ళ కళ్ళద్దాల మీద పడుతోంది. నేను ఎలుగుబంటిని చూస్తూ కూర్చున్నాను. అక్కణ్ణుంచి మళ్ళీ ఎంతసేపు ఎగిరామో చెప్పలేను. సూర్యుడు మా వెంటే వచ్చాడు. నిద్రపోయి లేచినా అదే మధ్యాహ్నం.

నరితాలో దిగేసరికి ఆదివారం సాయంత్రం ఐదు దాటింది. అక్కణ్ణుంచి హోటల్ గుమ్మం దాకా బస్సుంది, రెండు గంటల ప్రయాణం. టిక్కెట్ ఎయిర్‌పోర్ట్‌లోనే కొనుక్కోవచ్చు. బస్సు కదిలే ముందు సామాను ఎక్కించినవాళ్ళు ముగ్గురూ వరసగా నిలబడి బస్సుకి వంగి దణ్ణం పెట్టారు. మాకు కాదు, బస్సుకే పెట్టారేమోనని నాకు అనుమానం.

హోటల్ షింజుకు స్టేషన్‌కి పడమరన, ఎత్తైన భవనాల మధ్య ఉంది. లిఫ్ట్ దగ్గర తెల్ల గ్లవ్స్ వేసుకున్న అమ్మాయి తలుపు మూసుకునేదాకా వంగే ఉంది. మా గది ఇరవై రెండో అంతస్తు. మంచం మీద గంజి పెట్టిన నీలం గీతల నూలు అంగీలు రెండు మడిచి పెట్టారు. బల్ల మీద వేణ్ణీళ్ళ ఫ్లాస్కు, మూత ఉన్న కప్పులు, పచ్చ టీ ఆకు. స్నానాల తొట్టి చిన్నదే కానీ లోతెక్కువ, మెడదాకా నీళ్ళలో ములగచ్చు. మోటెల్ గదుల్లో రైస్‌కుక్కర్ దాచుకుని వండుకున్న మాకు అదో రాజభవనంలా కనిపించింది.

సోమవారం పొద్దున్న ఐదింటికే మెలకువ వచ్చింది. కర్టెన్ తీశాను. ఊరింకా బూడిదరంగులో ఉంది. చాలా దూరంగా, ఇళ్ళకీ ఆకాశానికీ మధ్య, ఫ్యూజీ కొండ కనిపించింది. లేచి చూడండని పిలిచేసరికి మబ్బులో కలిసిపోయింది. "ఏదీ?" అన్నారు మా వారు. "ఇందాక ఉంది" అన్నాను.

ఏడూ నలభై అయిదుకి ఆయన్ని తీసుకెళ్ళడానికి కారొచ్చింది. నేను గదిలోనే ఉండిపోయాను. ఆ కిటికీ తెరుచుకోదు, చప్పుడు లోపలికి రాదు. కింద ఆకుపచ్చ రైళ్ళూ, నారింజరంగు రైళ్ళూ పక్కపక్కనే వచ్చి విడిపోతున్నాయి. స్టేషన్‌లోంచి జనం ధారగా కారి వీధుల్లోకి ఇంకిపోతున్నారు. టీ తాగాను, పడుకున్నాను, లేచి చూశాను, మళ్ళీ పడుకున్నాను. ఇంట్లోనూ నేను చేస్తున్నది ఇదే, కానీ ఇక్కడ అది తప్పనిపించలేదు. గది నన్నేమీ అడగలేదు.

శాకాహారులకి ఒక మాట. పొద్దున్న హోటల్ టిఫిన్ కూపన్ మీద అంగుళం మందం టోస్టూ, మొక్కజొన్న గింజలు చల్లిన సలాడూ ఇస్తారు. మధ్యాహ్నం రూమ్ సర్వీస్‌కి ఫోన్ చేసి ఒట్టి అన్నం చాలన్నాను. తెచ్చినతను కంగారుపడి, ఇంకేం వద్దా అని రెండుసార్లు అడిగి, కిందకెళ్ళి ముల్లంగి ఊరగాయ పట్టుకొచ్చాడు. ఇంటి నుంచి తెచ్చిన కందిపొడి, హోటల్ వాళ్ళ వెన్నముద్దా వేసి కలుపుకుంటే ఆ అన్నం అమృతం.

మంగళవారం పదింటికి గది సర్దడానికి కిమురా అనే ఆవిడ వచ్చింది. యాభై అయిదేళ్ళుంటాయి. యుద్ధం అయ్యాక అమెరికన్ సైనికుల లాండ్రీలో పనిచేసిందట, అక్కడ నేర్చుకున్న ఇంగ్లీషు ముక్కలున్నాయి. నేను లేవబోతే చేత్తోనే కూర్చోమని సైగ చేసి, నా చుట్టూ సర్దింది. దుప్పటి పరుస్తుంటే రెండో అంచు నేను పట్టుకున్నాను. ముందు అడ్డుచెప్పింది, తర్వాత నవ్వింది. బుధవారం కూడా ఇద్దరం కలిసే పరిచాం.

"బేబీ? హౌ మెనీ?" అంది దిండుకి గలీబు తొడుగుతూ.

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. ఇంకా లేరండీ అని చెప్పడం నాకు అలవాటయింది. ఆ రోజు మాత్రం చెయ్యి దానంతటదే లేచింది. ఒక వేలు చూపించాను. ఆ వేలు ఏం చెయ్యాలో తెలియలేదు. మెల్లిగా ముడిచేశాను.

కిమురా గారు దిండు పక్కన పెట్టింది. తన చెయ్యి ఎత్తి రెండు వేళ్ళు చూపించింది. అందులో ఒకటి ముడిచింది. ఇద్దరం అలా వేళ్ళు ముడుచుకుని నిలబడ్డాం. కాసేపటికి హోటల్ కాగితం మీద ఒక గడియారం గీసి, ముల్లు రెండు దగ్గర పెట్టింది. "టుమారో, మై హాలిడే. స్టేషన్. ఫ్లవర్ షాప్."

గురువారం రెండింటికి వెళ్ళాను. యూనిఫామ్ లేకుండా, ఊదారంగు కోటులో ఆవిడ ఎవరో టీచరమ్మలా ఉంది. ఆకుపచ్చ రైల్లో ఏడెనిమిది స్టేషన్లు. దిగి, సందులు తిరిగి, కూరలకొట్టు పక్కనుంచి ఒక చిన్న గుడిలోకి తీసుకెళ్ళింది. గుడి వెనక మెట్టుమెట్టుగా వందల రాతిబొమ్మలు. మూరెడెత్తు, గుండు తలలు, కళ్ళు మూసుకుని నవ్వుతున్న మొహాలు. అన్నిటికీ మెడలో ఎర్రగుడ్డ, పసిపిల్లలకి చొంగ కారకుండా కడతామే, అలాంటిది. ముందు పాలసీసాలు, గిలకలు, రంగుకాగితాల గాలిపంకాలు. గాలి వీచినప్పుడల్లా అవన్నీ ఒక్కసారి తిరిగి ఆగుతున్నాయి. పుట్టకముందో, పుట్టగానేనో పోయిన పిల్లల్ని ఈ బొమ్మల్లోని దేవుడు చేయిపట్టి నడిపిస్తాడట. వాళ్ళకోసం ఇక్కడికి వస్తారు. పేరు పెట్టి పిలుస్తారు.

ఆవిడ ఒక పాత బొమ్మ దగ్గర కూర్చుని, గరిటెతో దాని తల మీద నీళ్ళు పోసి, చేత్తో తుడిచింది. "బాయ్. వార్ టైమ్. టోక్యో, ఆల్ ఫైర్" అంది. తర్వాత సంచీలోంచి ఒక కొత్త ఎర్రగుడ్డ తీసి నా చేతిలో పెట్టింది. తనే కుట్టింది. "నేమ్?" అని అడిగింది.

నా దగ్గర పేరు లేదు. పాపకి పేరే పెట్టలేదని అప్పుడు, ఆ రాతిబొమ్మల ముందు, మొదటిసారి తట్టింది. తల అడ్డంగా ఊపాను. కిమురా గారు ఆ గుడ్డని మడిచి నా హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టింది. "విత్ హస్బెండ్" అంది.

ఆరింటికి గదికి వచ్చేసరికి మా వారు తలుపు దగ్గరే నిలబడి ఉన్నారు. "ఎక్కడికెళ్ళావు? మూడుసార్లు ఫోన్ చేశాను. రిసెప్షన్‌లో ఎవరికీ తెలీదన్నారు" అన్నారు. ఆయన అంత భయపడతారని నాకు తెలియదు. ఎక్కడికెళ్ళానో చెప్పాను. ఆయన బాత్రూమ్‌లోకి వెళ్ళి కుళాయి తిప్పారు. ఆ నీళ్ళు చాలాసేపు పోతూనే ఉన్నాయి.

శుక్రవారం ఆయన ఆఫీసువాళ్ళ డిన్నర్. శనివారం మాకు ఊరు చూపించే టూర్ బస్సులో సీట్లు బుక్ చేసి పెట్టారు. పొద్దున్న టోస్ట్ తింటూ మా వారు, "ఆ గుడికి దారి గుర్తుందా?" అన్నారు.

సన్నగా చినుకు పడుతోంది. హోటల్ వాళ్ళిచ్చిన గొడుగు ఒక్కటే, దాని కింద ఇద్దరం. కూరలకొట్టు కనిపించాక దారి పట్టుకున్నాను. గుడి వెనక ఎవరూ లేరు. బొమ్మలన్నీ తడిసి నల్లగా మెరుస్తున్నాయి. మా వారు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయారు.

"ఆవిడ పాప పేరడిగింది. నాకు చెప్పడానికేమీ లేకపోయింది" అన్నాను.

"ఉంది" అన్నారాయన.

నేను తిరిగి చూశాను.

"హాస్పిటల్ ఫారంలో పేరు రాయమన్నారు. వకుళ అని రాశాను. నువ్వే ఒకసారి కార్‌లో అన్నావుగా, అమ్మాయైతే వకుళ అని."

అన్నానేమో. నాకు గుర్తు లేదు. "మీరు చూశారా పాపని?" అన్నాను.

"ఎత్తుకున్నాను. నర్సు అడిగింది, కాసేపు ఎత్తుకుంటారా అని. ఎత్తుకుని కూర్చున్నాను." గొడుగు నా వైపు ఒరిగిపోయి ఆయన భుజం తడుస్తోంది. "జుట్టు చాలా ఉంది విమలా. నల్లగా, నుదుటి మీదకి. గడ్డం నీదే. గోళ్ళు కూడా ఉన్నాయి. నీకు చెప్తే ఇంకా బాధపడతావని..."

"ఇంకా చెప్పండి" అన్నాను.

చెప్పారు. నాలుగు నెలలుగా ఒక్కరే దాచుకున్నవన్నీ ఒక్కొక్కటే చెప్పారు. నేను ఏడ్చాను. ఆయన నాకన్నా ఎక్కువ ఏడ్చారు. గుడి తోటమాలి ఒకాయన మమ్మల్ని చూసి, చీపురు గోడకి ఆనించి, చప్పుడు చెయ్యకుండా అవతలికి వెళ్ళిపోయాడు. ఎర్రగుడ్డ మీద హోటల్ పెన్నుతో తెలుగులో వకుళ అని రాశాను. తడికి అక్షరాలు కొంచెం అలుక్కుపోయాయి. రెండో మెట్టు మీద, ఎర్రగుడ్డ వెలిసిపోయి ఊడిపోయిన ఒక బొమ్మ ఉంటే, దాని మెడలో ఇద్దరం కలిసి కట్టాం.

ఆదివారం ఎనిమిదింటికి గది ఖాళీ చేశాం. కిమురా గారు లిఫ్ట్ దాకా వచ్చింది. "వకుళ" అని చెప్పాను. ఆవిడ నోట్లో అది "వకురా" అయింది. రెండుసార్లు అని చూసుకుని, తల పంకించింది. ఇచ్చేందుకు నా దగ్గర ఏమీ లేక చేతులు జోడించాను. ఆవిడ నడుము దాకా వంగింది.

విమానం పన్నెండుకి కదిలింది. టోక్యోలో ఆదివారం మధ్యాహ్నం బయలుదేరితే న్యూయార్క్‌లో అదే ఆదివారం మధ్యాహ్నం దిగుతారు. రోజు రెండోసారి మొదలవుతుంది. ఆ ప్రయాణమంతా మేం మాట్లాడుకుంటూనే ఉన్నాం. టోక్యోలో ఏం చూశారని తర్వాత అందరూ అడిగారు. టవర్ చూడలేదు, రాజుగారి కోట చూడలేదు. నాకు ఇప్పటికీ ఆ ఊరంటే చప్పుడు లేని ఒక కిటికీ, అటు అంచు ఇంకొకరు పట్టుకున్న ఒక తెల్ల దుప్పటి.

ఒంటిగంటన్నరకి కెన్నెడీలో పార్కింగ్ నుంచి కారు తీశాం. స్టాటెన్ ఐలాండ్ దాటి న్యూజెర్సీలోకి వచ్చాక, "పాపని ఎక్కడ ఉంచారు?" అని అడిగాను.

"వెళ్దామా?" అన్నారు.

ఆయన మ్యాప్ తియ్యలేదు. ఒక్క మలుపు దగ్గర కూడా ఆగి ఆలోచించలేదు. మేపుల్ ఆకులు ఎర్రగా రాలిన ఒక శ్మశానం గేటులోంచి లోపలికి పోనిచ్చి, పిల్లల వైపు, గోడవారగా కారాపారు. ఆకులు ఊడుస్తున్న ముసలతను మా వారిని చూసి చెయ్యెత్తాడు. "పోయిన ఆదివారం రాలేదేం? ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను" అన్నాడు.

ఆదివారాలు. కూరగాయలు తెస్తానని వెళ్ళి, రెండు గంటలు పోయాక చిన్న సంచీతో తిరిగొచ్చిన ఆదివారాలన్నీ. అంతసేపేం చేస్తారు కొట్లో అని నేను గోడ వైపు తిరిగి పడుకుని విసుక్కున్న ఆదివారాలు.

"ఊళ్ళో లేను" అన్నారు మా వారు అతనితో. తర్వాత నా వైపు చూపించి, "మా ఆవిడ. వకుళ వాళ్ళమ్మ" అన్నారు.

ముసలతను టోపీ తీశాడు.