గూడుబండి పక్కన నడిచే పెద్దాయన

కార్ల్స్‌రూహెలో మా ఇంటి యజమాని డెబ్బై దాటిన జర్మన్. ప్రతి వేసవిలో తన క్లబ్బువాళ్ళతో కలిసి, ఒకప్పుడు అమెరికాలో పడమటికి వలసపోయినవాళ్ళ వేషంలో గూడుబండి పక్కన నడుస్తాడు. మధ్యమధ్య గుర్రం మెడ నిమురుతాడు.

నిరుడు మా పాప బండెక్కుతానంటే ఒప్పుకోలేదు. మా ఒంటిరంగు చూసి వద్దన్నాడని ఇక్కడి తెలుగువాళ్ళందరికీ చెప్పాను. ఆ మాట తప్పు.

ఈసారి నేనూ వెళ్ళాను. ఆయన సొంత మనవరాలూ నడుస్తూనే ఉంది.

"అప్పట్లోనూ అంతే. జబ్బుపడ్డవాళ్ళే ఎక్కేవారు. పాపం, ఈ గుర్రాలకి బరువు కాదూ?" అన్నాడాయన.

గుట్ట ఎక్కేసరికి నాకు ఆయాసం వచ్చింది. ఆయన బండి ఆపించి, చేయిచ్చి నన్ను ఎక్కించాడు.

"నాన్నా, సిక్ పీపుల్ ఓన్లీ!" అంటూ కింద నడుస్తున్న మా పాప ఒకటే నవ్వు. ఆయనా నవ్వాడు. గూడు నీడలో హాయిగా కూర్చుని, ముందుగా ఎవరికి ఫోన్ చేసి నిజం చెప్పాలా అని ఆలోచించాను.