యాభై రెండో ఆకు

ఈ ఉదయం ధవళేశ్వరంలో మా బడికి ఎవరో పాత తాటాకుల కట్ట తెచ్చి ఇచ్చారు. తాడు విప్పగానే, పురుగు పట్టకుండా పూసిన నిమ్మగడ్డి నూనె వాసన గుప్పుమంది. ఆ వాసన తగిలితే చాలు, ఇన్నేళ్ల తరువాత కూడా సుబ్బారాయుడు గారు గుర్తుకొచ్చి తల ఎత్తలేను.

రాజమండ్రిలో కాలేజీ చదువుకునే రోజుల్లో ఆయన మాకు చరిత్ర చెప్పేవారు. పొట్టి మనిషి, మాసిన తలపాగా, ముక్కుపొడుం అలవాటు. వ్యాసంలో ఏ సంగతి రాసినా పక్కన అంకె వేసి, అది ఏ పుస్తకంలో ఎన్నో పుటలో ఉందో, తాటాకు అయితే ఎవరింట్లో ఎన్నో ఆకో అడుగున రాయాలని కొత్త పద్ధతి పెట్టారు. కళ్లారా చూడనిదైతే "చూడలేదు, ఫలానావారు చెప్పగా విన్నాను" అని రాయాలి. నాకు ఒళ్లు మండింది. మా తాతగారు వేల పద్యాలు కంఠతా చెప్పే పండితుడు. ఆయన చెప్పాక ఆకు తిరగేసి చూడడమంటే, మా ఇంట్లో ఆయన్ని అబద్ధాలకోరు అన్నట్టే.

"మా తాతగారు చెప్పింది చాలదాండీ?" అని అడిగేశాను.

"మీ తాతగారిని నమ్మొద్దనడం లేదయ్యా. ఎవర్ని నమ్మావో చెప్పమంటున్నాను, అంతే" అన్నారు మాస్టారు.

ఆ ఏడు గోదావరి పాత వరదల మీద వ్యాసం రాశాను. ఒక ఊరు ఊరంతా కొట్టుకుపోయిందని తాతగారు చదివే పద్యం అందులో పెట్టాను. అది నరసాపురంలో మా బంధువుల ఇంటి తాటాకుల కట్టలో ఉందని చెప్పిందీ ఆయనే. తాతగారి మాట కింద "చూడలేదు" అని రాయడానికి మనసొప్పలేదు. "యాభై రెండో ఆకు, వెనకవైపు" అని నోటికొచ్చిన అంకె రాసిపారేశాను. మాస్టారు మురిసిపోయారు.

"నువ్వు చూశావుగా?"

"చూశానండి."

ఆయన ఇంకేమీ అడగలేదు. ఆ పద్యాన్ని తన వ్యాసంలో చేర్చుకొని మద్రాసు పత్రికకు పంపారు. అచ్చయ్యాక ఒక పండితుడు పనిగట్టుకొని నరసాపురం వెళ్లి ఆ కట్ట విప్పించాడు. అందులో ఉన్నవి నలభై ఆకులే. పద్యం ఎక్కడా లేదు. దొంగ ఆధారం పుట్టించాడని మాస్టారిని పత్రికలో ఎండగట్టారు. ప్రిన్సిపాలు దొరగారు మాస్టారిని పిలిపిస్తే, మా వ్యాసాల కట్ట మోసుకుంటూ నేనూ వెళ్లి గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఈ ఆధారం ఎవరిచ్చారని దొరగారు అడిగారు. "ఎవరూ కాదు. చూడకుండా రాసింది నేనే" అన్నారు మాస్టారు. నావైపు తిరగనైనా లేదు. నోరు విప్పితే నా చదువు పోతుంది. విప్పలేదు. ఆయన ఉద్యోగం పోయింది. తునిలో ఎవరి అరుగు మీదో పిల్లలకు ఓనమాలు దిద్దిస్తూ బతికి, అక్కడే పోయారట. ఆయన ఉన్నన్నాళ్లూ క్షమించమని ఎన్ని ఉత్తరాలు మొదలుపెట్టానో, ఒక్కటీ పంపలేదు. పిరికివాణ్ని.

ఆయన పద్ధతి మాత్రం వదలలేదు. మా బడి పిల్లలకూ అదే నేర్పుతున్నాను. కాబట్టి ఇప్పుడు రాసిన దీనికీ అడుగున రాయాలి. మాస్టారు తునిలో పోయారన్నది చూడలేదు, తుని నుంచి వచ్చి రైలు దిగిన ఒకాయన చెప్పగా విన్నాను. గుమ్మం దగ్గర జరిగింది మాత్రం చూశాను. నోరు మూసుకొని చూశాను.