ఓదెలు కాక జారిపడ్డ హాలు

అది 2023 ఎండాకాలం. జనగామలో ఉంటూ ఇళ్ళల్లో మార్బుల్ నేలలు తోమించడం, మెరుగు పెట్టించడం, మరక పట్టకుండా కాపాడటం నా పని. కెమిస్ట్రీలో డిగ్రీ చేసి బండలు తోమడమేమిటని మా చుట్టాల్లో కొందరు ఇప్పటికీ మూతి తిప్పుతారు. మార్బుల్ అంటే సున్నపు రాయి, దాని మీద నిమ్మరసం ఒలికితే ఏమవుతుందో తెలియడానికి కెమిస్ట్రీ కాక జ్యోతిషం చదవాలా అని నేనూ ఊరుకోను.

నాకు వచ్చే ఫోన్లలో సగం ఒకటే మాట, 'అద్దం లెక్క మెరవాలె' అని. భూపాలపల్లి నుంచి రమేష్ చేసిన ఫోనూ అదే. అతనికి బొగ్గు తోలే టిప్పర్లు ఉన్నాయి. తండ్రి ఓదెలు గనిలో పనిచేసి రిటైరయ్యాడు. క్వార్టర్ ఖాళీ చేశాక సొంత ఇల్లు కట్టుకుని హాలంతా తెల్ల మార్బుల్ పరిపించారు. ఇప్పుడు రమేష్ కూతురి శారీ ఫంక్షన్ దగ్గర పడుతోంది. నేల చూస్తే పచ్చగా, మసకగా తిరుగుతోందట.

మా మెషిన్ ఆపరేటర్ లచ్చును తీసుకుని వెళ్ళాను. ఇంటి ముందు రేకుల షెడ్డు కింద, నులక మంచం మీద ఒక పెద్దాయన, పక్కన చేతికర్ర. రేకులు కాలి సెగలు కక్కుతున్నాయి. లోపల హాల్లో ఏసీ నడుస్తోంది.

"కాకా, గింత ఎండల గీడ కూసున్నవేంది?" అన్నాను.

"లోపల సలి బిడ్డా. నాకు పడది."

ఎండాకాలంలో చలి! ఏదో ఉందనుకుంటూ లోపలికి వెళ్ళాను. షెడ్డు కింద ఉన్నది తన తండ్రేనని రమేష్ అసలు సంగతి చెప్పాడు. ఆ హాల్లో ఓదెలు కాక రెండుసార్లు జారిపడ్డాడు. రెండోసారి తుంటి ఎముక చిట్లి చాలాకాలం దవాఖానలో ఉన్నాడు. ఎముక అతికి ఇంటికి వచ్చినప్పటి నుంచి గడప దాటి లోపల అడుగు పెట్టడం లేదు.

"గనిల దెబ్బ తాకిన కాలు మేడమ్, ఇగ పనిచేస్తలేదు. ఫంక్షన్ అయిపోంగనే బయటనే బాత్రూం కట్టిచ్చి, ఆ షెడ్డుకే గోడలు పెట్టి, బాపును ఆడనే ఉంచుదమనుకుంటున్నం."

"కాలు పనిచేస్తలేదని డాక్టర్ చెప్పిండా, నువ్వే చెప్తున్నవా?"

"బాపే అంటుండు."

నాకు అప్పుడే చిరాకు మొదలైంది. మనిషి జారి తుంటి విరగ్గొట్టుకున్న నేలను ఇంకా నున్నగా చేయమని నన్ను పిలిచాడు. చేసి డబ్బు తీసుకుని వెళ్ళిపోవచ్చు. ఆయన మళ్ళీ పడితే ఈసారి లేస్తాడా?

చెప్పులు విడిచి హాల్లో నడిచాను. నాలుగడుగులకే మడమ సర్రున జారింది. తడి లేదు. మంచి పాలిష్ ఉన్న మార్బుల్ తడిస్తే జారుతుంది నిజమే, పొడిగా ఉన్నప్పుడు ఇలా జారకూడదు. ఒక చుక్క నీళ్ళు వేసి చూశాను. చుక్క ముత్యంలా గుండ్రంగా నిలబడింది.

"సీలర్ కొట్టిచ్చిన మేడమ్, అందుకే," అన్నాడు రమేష్ గర్వంగా.

సీలర్ అంటే రాయి రంధ్రాల్లోకి ఇంకి, మరక లోపలికి దిగకుండా ఆపే మందు. అది సరిగా పడితే రాయి లోపలే ఉంటుంది, పైన జారుడు పొరలా మిగలదు. లచ్చుతో సోఫా పక్కకు జరిపించాను. దాని కింద చుక్క వేస్తే నీళ్ళు మెల్లగా ఇంకిపోయాయి. కాలు పెడితే పట్టు దొరికింది.

"ఇదేం సీలర్ తమ్మీ, సోఫా కింద లేదు? కొట్టినోడు సోఫాకు దండం పెట్టి పక్కనుంచి పోయిండా?"

రమేష్ మొహం మాడ్చుకున్నాడు. లచ్చు నవ్వు ఆపుకోలేక మెషిన్ వైరు సర్దుతున్నట్టు వంగాడు. నాకు మాత్రం ఒక్కటి తేలింది. తడిగుడ్డ అందే చోటే నేల జారుతోంది.

"ఎవరు తుడుస్తరు ఇల్లు?"

రమేష్ తల్లి సమ్మక్క ముందుకొచ్చింది. బక్కగా, చురుకుగా ఉంది. "నేనే బిడ్డా. కోడల్ని ముట్టనియ్య. గింత తెల్ల బండ మా వంశంల ఎవ్వరికన్న ఉన్నదా?"

"నీళ్ళల్ల ఏం కలుపుతవ్ చిన్నమ్మా?"

ఆమె ఒక్క క్షణం కొడుకు వైపు చూసింది. "ఏం కలుపుత? ఫినాయిలు."

నేను నమ్మలేదు. అంతమందిలో గుచ్చి అడగడం ఎందుకని ఊరుకుని, రెండు చోట్ల పౌల్టీస్ వేశాను. సుద్దపొడిని థిన్నర్‌తో పేస్టులా కలిపి మరక మీద మందంగా పూసి, ప్లాస్టిక్ కవరు కప్పి ఉంచడాన్ని మేం అలా అంటాం. రాయి తాగిన నూనెలాంటిదేదైనా ఉంటే ఆరేకొద్దీ పొడి దాన్ని పైకి పీలుస్తుంది. తొందరపడితే పని జరగదు. నాకేమో తొందర తప్ప ఇంకోటి తెలియదు.

మొగుళ్ళపల్లిలో ఇంకో ఇంటి పని ఉంటే వెళ్ళాం. అక్కడ ఉన్నంతసేపూ నా మనసు అక్కడ లేదు. ఆ ఇంటావిడ ఇత్తడి చెంబులను మార్బుల్ మీదే పెట్టి చింతపండుతో తోమి, పులుపు రాయిని తినేసి గుండ్రటి మచ్చలు పడితే బండలమ్మినవాడిని తిడుతోంది. మామూలుగా అయితే గంటసేపు వాదించేదాన్ని. ఆ రోజు సమాధానం సగం చెప్పి సగం మింగాను. రమేష్ రెండుసార్లు ఫోన్ చేశాడు. "మేడమ్, ముచ్చట్లు తర్వాత, జర పాలిష్ ఎప్పుడు షురూ చేస్తరు?" అని.

మర్నాడు మళ్ళీ భూపాలపల్లి. కవరు తీశాను. తెల్ల పొడి పసుపూ గోధుమా కలిసిన రంగుకు తిరిగింది. థిన్నర్ వాసన ఎగిరిపోయింది, అడుగున ఇంకో వాసన మిగిలింది. ముందు రోజూ ఆ వాసన తగిలింది కానీ, టిప్పర్ల ఇల్లు కదా, రమేష్ బట్టలదే అనుకున్నాను.

పొడి చేతిలో పట్టుకుని పెరట్లోకి వెళ్ళాను. సమ్మక్క గుడ్డ పిండుతోంది. చుట్టూ ఎవరూ లేరు.

"చిన్నమ్మా, డీజిల్ కలుపుతున్నవ్ కదా."

ఆమె దాచలేదు. "ఒక్క మూతడే బిడ్డా. క్వార్టర్ల ఉన్నప్పుడు గ్యాసునూనె కలిపి తుడిచేదాన్ని. బొగ్గు మసి అంత కొట్టుకపోయేది. మా లైన్ల నా బండలు చూసి ఆడోళ్ళందరు కుళ్ళుకునేది. ఇప్పుడు రేషన్ల గ్యాసునూనె ఇస్తలేరు. కొడుకు క్యాన్ల నుంచి జర్రంత తీసుకుంటున్న. రెండు ఒక్కటే గద?"

ఒక్కటి కాదు. ఆమె గ్యాసునూనె అంటున్నది కిరోసిన్. అది చాలావరకు గాలిలో ఎగిరిపోతుంది. డీజిల్ అంత తేలిగ్గా ఎగరదు, పొరలా నిలుస్తుంది. పైగా క్వార్టర్‌లో ఉన్నవి గరుకు షాబాదు బండలు, ఇది అద్దంలా పాలిష్ చేసిన మార్బుల్. పొద్దున్నే తుడిచినప్పుడల్లా ఒక పొర మీద ఇంకో పొర. కొంత లోపలికి దిగి పచ్చబడింది, కొంత పైన నిలిచి జారింది. ఇదంతా చెప్పాను. చెబుతుండగానే ఆమె గుడ్డ పిండడం ఆపేసింది.

"అంటే... ఆయనను నేనే పడగొట్టిన్నా?"

అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. "తెల్వక చేసినవ్. తెల్సినంక చేస్తే మాత్రం నువ్వే పడగొట్టినట్టు."

ఆమె అక్కడే చతికిలబడింది. "కొడుకుకు చెప్పకు బిడ్డా. నీ కాళ్ళు మొక్కుత."

చెప్పకుండా ఎలా? డీజిల్ పీల్చడానికి ఇంకా పౌల్టీస్‌లు వేయాలి, రోజులు పడతాయి, పాలిష్ రకం మార్చాలి. మళ్ళీ ఎవరూ అది కలపకుండా చూడాలి. ఎటూ తోచక ఇంటి పక్కనుంచి ముందుకు వచ్చి షెడ్డు కింద అటూ ఇటూ తిరుగుతున్నాను.

"ఏంది బిడ్డా, కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవ్?" అన్నాడు ఓదెలు కాక. తర్వాత గొంతు తగ్గించి, "డీజిల్ దొరికిందా?"

నా కాళ్ళు ఆగిపోయాయి. "నీకెట్ల తెల్సు?"

"పడ్డప్పుడు నా ముక్కు బండకే ఉండె. జీవితమంత గనిల చేసిన, డీజిల్ వాసన తెల్వదా?"

"మరి చెప్పొద్దా? కాలు పనిచేస్తలేదని ఊరంత చెప్పుకుంటున్నవ్!"

"ఎట్ల చెప్పాలె? నేను తెచ్చిన మసి అంత ఆమెనే తుడిచింది. ఇప్పుడు తెల్లబండ తుడుస్తాంటె కండ్లు మెరుస్తయి. నీ తుడుసుడుకే నేను పడ్డ అంటె మల్ల గుడ్డ పడ్తదా? కొడుకు ఊకుంటడా? గీడ మంచిగనే ఉన్న."

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. నా విషయంలో ముందు బయటికి వచ్చేది కోపమే. "ఆమె సంబురానికి నువ్వు తుంటి విరగ్గొట్టుకుని రేకుల కింద ఉడుకుతవ్. రేపు ఆమె కూడ గా బండ మీదనే పడితే? ఆమెకు తుంటి లేదా?"

ఆ మాట ఆయన ఆలోచించుకోలేదు. పక్కనున్న కర్ర అందుకుని గడప వైపు చూశాడు. ఇంతలో పెరటి వైపు నుంచి సమ్మక్క వచ్చింది. ఎంతసేపటి నుంచి వింటోందో.

"ముక్కుకు తెల్సింది నోటికి రాలేదా నీకు? ఇన్నొద్దులు నన్ను పిస్సదాన్ని చేసినవ్!" అని ఏడుస్తూ, తిడుతూ ఆయన భుజం మీద కొట్టింది. ఆ గొడవకి రమేష్ బయటికి వచ్చాడు. తల్లే చెప్పింది, నేను నోరు తెరిచే పని లేకుండా. రమేష్ అరవబోయాడు. ఓదెలు కాక కర్ర నేలకు గట్టిగా తాటించాడు. "క్యాన్ మూత పెట్టుడు నీకు రాదు గని, మీ అమ్మను అంటవా?" అన్నాడు.

డీజిల్ వదిలేదాకా పౌల్టీస్‌లు మార్చి మార్చి వేశాం. తర్వాత అద్దం పాలిష్ వేయకుండా హోన్ ఫినిష్ ఇచ్చాను. డైమండ్ ప్యాడ్లతో రాయిని నున్నబరిచి, మెరుపు రాకముందే ఆపేయడం అది. మసక మెరుపే ఉంటుంది, పాదానికి పట్టు దొరుకుతుంది. ఆ తర్వాతే అసలైన సీలర్ వేశాం. సమ్మక్కకు ఆమ్లం లేని తేలిక సబ్బు నీళ్ళు చూపించాను. "గింత సల్లటి సబ్బుకు మురికి పోతదా?" అని నాతో వాదించింది. వాదించే ఓపిక వచ్చిందంటే మనిషి తేరుకున్నట్టే.

"గిదేంది మేడమ్, ఫోటోలల్ల మెరవది," అన్నాడు రమేష్.

నేను జవాబు చెప్పేలోపే ఓదెలు కాక గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు, ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో భార్య భుజం. పాదం లోపల పెట్టి, వేళ్ళతో నేలను నొక్కి నొక్కి చూసుకున్నాడు. గనిలో పైకప్పు గట్టిగా ఉందో లేదో తట్టి చూసినట్టు కర్రతో రెండుసార్లు తట్టాడు. మధ్య హాలు దాకా నడిచి భార్య భుజం వదిలేశాడు. ఏసీ కింద కుర్చీలో కూర్చుని, "సలి పెడ్తాంది, జర తగ్గియ్యి," అన్నాడు. ఈసారి నిజంగానే.

మసకబారిన నేల అంటే ఆమ్లమా, నూనెనా, తేమనా అని నేను రాయినే వెతికేదాన్ని. ఆ ఇంట్లో అందరం నేలను అడిగాం, సీలర్‌ను అడిగాం, కాలును అడిగాం. ఎలా పడ్డావని పడ్డ మనిషి పక్కన కూర్చుని ఎవరమూ అడగలేదు. ఇప్పుడు నేను మెషిన్ దింపించే ముందు ఆ నేల మీద జారినవాళ్ళు ఎవరో కనుక్కుని వాళ్ళ దగ్గర కూర్చుంటున్నాను. ముందు మాట దాటేస్తారు. నేనూ అంత తేలిగ్గా లేచే రకం కాదు.